స్టామినా పోయిందనుకున్న చలికాలం

ప్రసవమైన కొద్ది వారాలకి మెట్లెక్కుతుంటే ఊపిరి అందకపోతే, వెల్లకిలా పడుకుంటే దగ్గొచ్చి లేచి కూర్చుంటే తగ్గుతుంటే, పాదం మీద వేలితో నొక్కిన గుంట చాలాసేపు పూడకపోతే, గుండె డాక్టరుకి చూపించుకోండి. ఇంట్లో ఎవరేం చెప్పినా సరే. నేను చెప్పాల్సింది నిజానికి ఇంతే. ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా ఇప్పుడు అలా ఉంటే, ఇక్కడితో ఆపేసి బయల్దేరండి. మిగతాది ఎప్పుడైనా చదువుకోవచ్చు.

మిగతాది కొంత నా కోసం రాసుకుంటున్నాను. పాప పడుకున్నాక నాకు నిద్ర పట్టదు. పగలంతా బాగానే ఉంటాను. లైటు తీసేసరికి నా ఊపిరి నాకే వినబడుతుంది, దాన్ని లెక్కపెట్టడం మొదలుపెడతాను. అలా లెక్కపెట్టే కన్నా రాయడం నయం.

నేను ఫుట్‌బాల్ ఆడి బతికిన మనిషిని. గోపాలపట్నంలో పెరిగాను. నాన్న పోర్టులో పనిచేసి, నేను డిగ్రీ చదువుతుండగా పోయారు. స్టీల్‌ప్లాంటు టౌన్‌షిప్ గ్రౌండులో అప్పలరాజు సార్ దగ్గర ఆట నేర్చుకున్నాను. రాష్ట్రం తరఫున ఆడాను. తర్వాత మాల్దీవుల్లో ఒక క్లబ్బుకి లెఫ్ట్ వింగ్‌లో, అంటే ఎడమ అంచు వెంట పరిగెత్తే చోట, ఆడాను. అక్కడి నుంచి మస్కట్ వెళ్ళి ఒక అకాడమీలో ఆడపిల్లలకి కోచ్‌గా చేరాను. సెలవులో వచ్చినప్పుడు పెళ్ళయింది. మా ఆయన ప్రశాంత్ కూడా అదే గ్రౌండులో గోల్‌కీపరుగా పెరిగినవాడు. ఇప్పుడు ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపులో వెల్డింగు చేస్తాడు. గాజువాకలో అద్దె ఇల్లు. కడుపుతో మస్కట్ నుంచి వచ్చేశాను. మళ్ళీ సెప్టెంబరులో సీజను మొదలయ్యేసరికి వస్తానని, నా చోటు ఉంచమని చెప్పి వచ్చాను.

డిసెంబరు

నవంబరు చివర పాప పుట్టింది. నిస్సీ అని పేరు పెట్టాం. పురుడు మా అమ్మ దగ్గరే, గోపాలపట్నంలో. అమ్మ పద్ధతులన్నీ పాతవి. చెవుల్లో దూది, తలకి గుడ్డ, వెల్లుల్లి కారంతో పథ్యం అన్నం, దాహమేస్తే గుక్కెడు వేడినీళ్ళు. బాలింతకి ఎక్కువ నీళ్ళు పట్టకూడదని అమ్మ నమ్మకం. ఆటలో మాకు నేర్పింది దీనికి పూర్తిగా వ్యతిరేకం కాబట్టి నేనూ ప్రశాంతూ చాటుగా నవ్వుకునేవాళ్ళం.

ఆ నెల్లోనే ఒక ఆదివారం, మేడ మీద ఆరేసిన పాప గుడ్డలు తీసుకుని దిగుతూ సగం మెట్ల మీద కూర్చుండిపోయాను. చర్చి నుంచి నేరుగా వచ్చిన ప్రశాంత్ కింద నిలబడి చూశాడు.

"ఏటి వింగరూ, మెట్లకే సబ్‌స్టిట్యూటు అడుగుతన్నావా?"

నాకూ నవ్వొచ్చింది. నవ్వడానికి గాలి సరిపోలేదు.

"బాలింతది బాబూ, మెట్లెక్కనివ్వకు. గాలి తగుల్తాది" అంది అమ్మ వంటింట్లోంచి.

"గాలి తగలకే ఇలగైపోనాది అత్తా. నెలల తరబడి కూసుంటే ఏటవుతాది? స్టామినా పోనాది. నాలుగు రౌండ్లు కొడితే అదే వచ్చీత్తాది."

అందులో మాకెవరికీ అనుమానం రాలేదు. బంతితో బతికినవాళ్ళకి శరీరం గురించి తెలిసిన మొదటి సంగతి అదే. వాడకపోతే పోతుంది, వాడితే వస్తుంది. పాదాలు వాచాయి. బాలింతకి నీరు దిగడం మామూలే అంది అమ్మ. ఆ మాట మాత్రం మాకిద్దరికీ నచ్చింది. అలా అమ్మా మేమూ అన్నిటికీ పోట్లాడుకుంటూనే, తప్పు దగ్గర మాత్రం ఏకమయ్యాం.

జనవరి

పాపతో గాజువాక వచ్చేశాను. అమ్మ తెల్లవారుతూనే బస్సెక్కి వచ్చి పాపని పట్టుకునేది, సణుగుతూనే. నేను టౌన్‌షిప్ గ్రౌండుకి వెళ్ళేదాన్ని. ఆ నెలలో పొద్దున పూట గ్రౌండు మీద మంచు ఉంటుంది, గోల్‌పోస్టులు ఒకదాన్నుంచి ఒకటి కనబడవు. సార్ ఎప్పటిలాగే మెడలో తువ్వాలుతో సైడ్‌లైన్ దగ్గర నిలబడేవారు.

మా గ్రౌండులో ఒక నమ్మకం ఉంది. పరుగు మొదలుపెట్టిన కాసేపటికి ఛాతీ బిగుస్తుంది, కాళ్ళు మొరాయిస్తాయి. అక్కడ ఆగకుండా తోసుకుని పోతే ఉన్నట్టుండి ఊపిరి తేలికవుతుంది, ఇంక ఎంతసేపైనా పరిగెత్తగలమనిపిస్తుంది. సార్ దాన్ని రెండో ఊపిరి అనేవారు. "మొదటి ఊపిరి అందరికీ ఉంటాదమ్మా. రెండోది ఆడినోల్లకే వత్తాది" అనేవారు. అబద్ధం కాదు. నా ఆట సగం ఆ రెండో ఊపిరి మీదే నడిచింది.

ఆ జనవరంతా దాని కోసమే పరిగెత్తాను. సగం రౌండుకే ఛాతీ బిగిసేది. ఆగేదాన్ని కాదు. అది రాలేదు. వాచిన పాదాలు బూట్లలో పట్టకపోతే లేసులు వదులు చేసుకుని పరిగెత్తాను. ఒకరోజు కార్నర్ జెండా దగ్గర మోకాళ్ళ మీద కూలబడితే సార్ నడుచుకుంటూ వచ్చారు.

"ఏటమ్మా సునీతా, మస్కట్‌లో ఏసీ కార్లకి మరిగిపోనావా?"

"లేదు సార్. వస్తుంది."

"వత్తాది. బిడ్డనెత్తిన ఒల్లు గదా, కొంచెం ఆలీసం. ఆపకు."

రాత్రిళ్ళు పడుకుంటే దగ్గు. గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోయేదాన్ని. చలిదగ్గు అన్నాను. నిజం చెప్పాలంటే లోపల భయంగానే ఉండేది. కానీ ఒంట్లో బాగాలేదని పైకి అనడం నా వల్ల కాదు. అది పరాయి దేశంలో ఆడినప్పుడు పట్టుకున్న అలవాటు. మాల్దీవుల్లో నాతో గది పంచుకున్న నేపాలీ అమ్మాయి ఒకసారి మోకాలు నొప్పి అని మేనేజరుతో అంది. పై వారానికి ఆ మంచం ఖాళీ. క్లబ్బువాళ్ళ తప్పనీ అనలేను. బయటి దేశం నుంచి ఆడడానికి తెచ్చుకున్న మనిషి ఆడకపోతే ఇంకెందుకు? ఆ అమ్మాయి మంచం మీద కొత్త దుప్పటి పరిచిన రోజు నుంచి ఫిజియో ఎప్పుడు ఎలా ఉన్నావని అడిగినా, బాగున్నాననే చెప్పాను. చీలమండ వాచి బూటు విప్పలేనప్పుడు కూడా. భాష రాని చోట అందరికీ అర్థమయ్యే మాట అదొక్కటే.

విచిత్రమేమిటంటే మస్కట్‌లో పిల్లల విషయంలో నేను ఇలా లేను. అక్కడ ఎండ తగ్గాకే సాయంత్రం ప్రాక్టీసు. తడి తువ్వాళ్ళు మెడ మీద వేసి, ఒక్కొక్కరి పెదవులూ చూసేదాన్ని. పెదవుల రంగు మారిన పిల్లని బయటికి తీసేస్తే కార్లో కూర్చున్న తండ్రి దిగి వచ్చి గొడవపెట్టాడు, మా అమ్మాయిని ఎందుకు కూర్చోబెట్టారని. నేను కదల్లేదు. అదే నేను ఇక్కడ గాజువాకలో బాత్రూము అద్దంలో రోజూ నా రంగు మారిన పెదవులు చూసుకుంటూ పళ్ళు తోముకున్నాను.

ఫిబ్రవరి

పాపకి స్నానం చేయించి, కాళ్ళ మీంచి ఎత్తబోయాను. ఎత్తలేకపోయాను. పిల్ల బరువుండి కాదు, నా చేతుల్లో ఏమీ లేక. అమ్మ ఆరోజు ఇంకా రాలేదు. పాపని తువ్వాల్లో చుట్టి నేల మీదే పడుకోబెట్టి ప్రశాంత్‌ని పిలిచాను. పేరు సగమే బయటికొచ్చింది. వాడు గడ్డానికి సబ్బుతోనే వచ్చాడు. నన్ను చూసి ఏమీ అనలేదు. అంతకుముందెప్పుడూ ఏదో ఒకటి అనకుండా ఉన్న మనిషి కాదు.

పాపని పక్కింటావిడ చేతిలో పెట్టి ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. క్యాజువాలిటీలో నర్సు నా చెయ్యి పట్టుకోగానే వాడు చెబుతున్నాడు, "మా ఆవిడ ప్లేయరండి. పల్స్ ఎప్పుడూ స్లోగా ఉంటాది. కంగారు పడకండి."

ఆ అమ్మాయి వాడి వైపు చూడకుండానే, "ఇప్పుడు స్లోగా లేదండి. మీరు కాస్త బయట ఉండండి" అంది.

తర్వాత గుండెకి స్కానింగు, ఎకో, తీశారు. డాక్టరమ్మ మా ఇద్దరినీ అడిగింది, ఎన్నాళ్ళ నుంచి అని.

"స్టామినా తగ్గిందనుకున్నాం మేడమ్" అన్నాడు ప్రశాంత్.

"ఈ ఆయాసంతో ఏం చేశారు?"

"పరిగెట్టింది."

ఆవిడ పెన్ను కింద పెట్టింది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. కొందరికి ప్రసవం ముందూ వెనకా గుండె కండరం బలహీనపడుతుందనీ, నెత్తురు తోయలేక ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందనీ చెప్పింది. కొందరికి పూర్తిగా బాగవుతుందట. కొందరికి సగమే. మూడో మాట ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. ఆర్నెల్లు మందులు వాడి మళ్ళీ చూద్దాం అంది.

ఆ క్షణం నుంచి నాకు ఒకటే ప్రశ్న. మస్కట్ కాదు, ఆట కాదు. నిస్సీకి నేను గుర్తుండే వయసు వచ్చేదాకా ఉంటానా?

పాలివ్వడం ఆపమన్నారు, దానికీ మాత్రలిచ్చారు. పిల్ల ఇంటి దగ్గర, నేను ఐసీయూలో. పక్క మంచం దగ్గర ఏదో మిషను సన్నగా కుయ్‌మంటే చాలు, పాలు చేపేవి. రొమ్ములు రాళ్ళయ్యాయి. గుండె జబ్బు కన్నా ముందు నాకు నొప్పి తెలిసింది అక్కడ. ఒక నర్సు, శ్రీకాకుళం పిల్ల, డ్యూటీ దిగే ముందు నా మంచాన్ని కొంచెం పక్కకి తిప్పింది. "అద్దంలోంచి అటు సూడండి అక్కా" అంది. కారిడారులో అమ్మ పాపని ఎత్తుకుని నిలబడి ఉంది. పాప నిద్రపోతోంది. నేను చూస్తున్నంతసేపూ ఆ పిల్ల తలుపు దగ్గర అడ్డంగా నిలబడి ఎవరైనా వస్తారేమోనని చూస్తూ ఉంది.

వార్డుకి మార్చాక రెండోసారి ఎకోకి తీసుకెళ్ళారు. ఆ గది బయట బెంచీల మీద చాలామంది. నన్ను చక్రాల కుర్చీలో ఒక పక్కన నిలిపారు. అమ్మ చేతిలో పాప, పక్కన ప్రశాంత్. ఎవరు మొదలుపెట్టారో తెలీదు.

"పరిగెట్టించి పరిగెట్టించి నా పిల్లని ఇలగ సేసీసినావు బాబూ" అంది అమ్మ. గొంతు పెంచలేదు.

"నానా? గుక్కెడు నీల్లు కూడా ఇవ్వకుండా ఎండబెట్టింది ఎవులు? కాల్లు వాచితే మామూలే అన్నది ఎవులు?"

"నువ్వూ తలూపినావు గదా అప్పుడు."

పాప లేచి ఏడుపు అందుకుంది. అమ్మా ప్రశాంతూ ఆపలేదు. బెంచీ చివర కూర్చున్న ఒక పెద్దావిడ, చీపురుపల్లి నుంచి కొడుకుని తీసుకొచ్చిందట, లేచి వచ్చి రెండు చేతులూ చాచింది.

"ఒలమ్మా, గుంట ఏడుత్తంది. ముందల దాన్నిలగియ్యండి. మీరు తరవాత కొట్టుకుందురు గాని."

అమ్మ ఇచ్చేసింది. ఆవిడ పాపని భుజాన వేసుకుని, నా కుర్చీ దగ్గరికొచ్చి నిలబడింది. "నీకేనేటమ్మా గుండె?" అని అడిగింది. అవునన్నాను. "మావోడికీ అంతే. కవాటం అంతన్నారు. ఏటో, ఈ గదిలోపట అందరి గుండెలూ టీవీలో సూత్తారు గాని ఎవులికీ ఏటీ సెప్పరు" అంది. చాలా రోజుల తర్వాత నవ్వాను. పాప ఆవిడ చీర కొంగు నోట్లో పెట్టుకుంది.

లోపల డాక్టరమ్మని అమ్మే అడిగింది, ఎవరి వల్ల వచ్చిందని. పరుగు వల్లా, నీళ్ళివ్వకపోవడం వల్లా?

"ఎవరి వల్లా రాలేదమ్మా. దీనికి కారణం చాలామందిలో మాకూ తెలీదు. మీరు ముందే వచ్చుంటే బాగుండేది, అంతే."

ఆ మాట విన్నాక వాళ్ళిద్దరూ పోట్లాడుకోవడం మానేశారు. మంచిదే అనుకోవాలి. కానీ తప్పు మోపడానికి మనిషి లేకపోవడం ఇంట్లో ఎంత బరువో ఆ తర్వాత నెలల్లో చూశాను. ఒకరికొకరు మంచినీళ్ళ గ్లాసు అందించుకునేటప్పుడు కూడా మాట ఉండేది కాదు.

వేసవి

ఉప్పు లేని కూడు, కొలిచి పోసిన నీళ్ళు. ఎండాకాలంలో గాజువాక ఇల్లు ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. నాలుక ఎండి అంగిట్లో అతుక్కుపోయేది. అమ్మ ఆ నీళ్ళ సీసా వైపు చూసేది, నేను అమ్మ వైపు చూసేదాన్ని. పురిట్లో తను ఇవ్వని నీళ్ళు ఇప్పుడు డాక్టరే ఇవ్వద్దంటోంది. "నాను అనలేదు, ఆల్లే అన్నారు" అనేది అమ్మ, ఎవరూ అడగకపోయినా.

పాపని ఎత్తడం కుదరదు. వంగడం కుదరదు. నిస్సీ నా వైపు చేతులు చాచి, ఎవరూ ఎత్తకపోతే నా ముఖం చూసి, మెల్లగా అమ్మమ్మ వైపు తిరగడం నేర్చుకుంది. ఆ తిరగడం నేను చూడలేకపోయేదాన్ని. ఒకరోజు ప్రశాంత్ వర్క్‌షాపు నుంచి ఇనప పైపులతో చేసిన స్టాండు ఒకటి ఆటోలో వేసుకొచ్చాడు. నా కుర్చీ చేతుల ఎత్తుకి సరిగ్గా సరిపోయేలా వెల్డింగు చేశాడు, మూలలు పిల్లకి గుచ్చుకోకుండా రుద్ది. దాని మీద పాప తొట్టి పెట్టాడు. వంగకుండా, ఎత్తకుండా, పిల్ల ముఖం నా ముఖం పక్కకి వచ్చింది.

"ఎత్తు సరిపోనాదా?" అన్నాడు.

"సరిపోయింది."

"లేపోతే కోసీసి మళ్ళీ అతుకుతాను."

ఫిబ్రవరి తర్వాత మా మధ్య జరిగిన మొదటి పూర్తి సంభాషణ అది.

చర్చి నుంచి ఆడవాళ్ళు వచ్చి ప్రార్థన చేసేవారు. జావ తెచ్చేవారు. మనసు మంచిదే, కానీ ఒకావిడ "మా తోటికోడలి సెల్లికీ అచ్చం ఇదే" అని మొదలుపెట్టి, నా ముఖం చూసి, "జావ సల్లారిపోతంది తాగమ్మా" అని ఆపేసింది. ఆ చెల్లెలు ఏమైందో నేను అడగలేదు. కానీ చాలా రోజులు ఆమె నాతోనే ఉంది. జబ్బుమనిషిని చూడ్డానికి వెళ్ళేవాళ్ళు ఇలాంటి కథ మొదలుపెట్టకండి. పెడితే చివరిదాకా చెప్పండి.

ఆగస్టు

ఎకో గదిలో జెల్లు చల్లగా తగిలింది. డాక్టరమ్మ తెర వైపు చాలాసేపు చూసింది. నేను ఆవిడ పెదవులు చూస్తున్నాను.

"చాలావరకు కోలుకుంది" అంది.

పూర్తిగా అనలేదు. మందులు ఆపొద్దంది. ఇంకో బిడ్డ ఆలోచన పెట్టుకోవద్దంది. అమ్మ వెంటనే, "ఒక్కర్తె సాలు మేడమ్, మాకెవులూ వద్దు" అంది, ఆవిడ మనసు మార్చుకుంటుందేమోనన్నట్టు. ప్రశాంత్ ఆట గురించి అడిగాడు. నేను అడగలేనని తెలిసి అడిగాడు. నడవొచ్చు, నిలబడి నేర్పొచ్చు. మ్యాచులు ఆడకూడదు, పోటీపడి పరిగెత్తకూడదు.

మస్కట్‌కి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. అక్కడి మేనేజరమ్మ పాలక్కాడు నుంచి వచ్చిన మలయాళీ, నన్ను కూతురిలా చూసింది. పిల్లలతో కలిసి పరిగెత్తే కోచే కావాలి సునీతా, నీకు తెలుసు కదా అంది. తెలుసు. నేను మేనేజరునైనా అదే అంటాను. జీవితంలో మొదటిసారి, బాగున్నానని చెప్పకుండా నిజం చెప్పి ఒక చోటు పోగొట్టుకున్నాను. ఏడవలేదు. సింకులో గిన్నెలుంటే తోమేశాను.

ఆ వారంలోనే అప్పలరాజు సార్ ఇంటికొచ్చారు. ఆస్పత్రికి ఒకసారి వచ్చి మంచం కాళ్ళ దగ్గర నిలబడి, బత్తాయిలు పెట్టి వెళ్ళిపోయిన మనిషి. ఈసారి కూర్చున్నారు. సాయంత్రాలు ఆడపిల్లల బ్యాచిని చూస్తావా అని అడిగారు. "పరిగెట్టక్కర్లేదు. కుర్సీ ఏయిత్తాను" అన్నారు.

మొదటిరోజు పిల్లలు వరసగా నిలబడ్డారు. నేను ఒకే రూలు చెప్పాను. ఆయాసం మామూలు కన్నా ఎక్కువైనవాళ్ళు చెయ్యెత్తి బయటికి రావాలి. ఎవరూ ఎందుకని అడగరు.

పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. జడలో రబ్బరు బ్యాండు బిగించుకుంటున్న ఒక పొడుగుపిల్ల అంది, "అలగెత్తితే సార్ టీములోంచి తీసేత్తారు మేడమ్."

అందరూ నవ్వారు. సార్ తువ్వాలుతో మెడ తుడుచుకున్నారు. "తియ్యను. ఎత్తండి" అన్నారు.

పరుగు మొదలైంది. ఒక్క చెయ్యీ లేవలేదు. లేవదని నాకు తెలుసు. ఆ వయసులో నేనైతే ఎత్తేదాన్నా? కుర్చీలోంచి లేచి లైను పక్కనే నడవడం మొదలుపెట్టాను, వాళ్ళని దగ్గరగా చూద్దామని. మామూలు నడకే. సగం దూరం పోయేసరికి ఛాతీలో ఏదో పట్టేసినట్టయింది. గుండెదో, భయానిదో తెలియలేదు. ఇప్పటికీ ఆ రెండిటికీ తేడా నాకు తెలియదు. ఇంకో పది అడుగులు వేస్తే పోతుందేమో అనిపించింది.

ఆగిపోయాను. అందరికీ కనబడేలా చెయ్యెత్తాను.

పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ నెమ్మదించారు. సార్ కుర్చీ పట్టుకుని వచ్చారు. కూర్చుని, మణికట్టు పట్టుకుని చూసుకున్నాను. కాసేపటికి నెమ్మదించింది. పరుగు ఆపొద్దని పిల్లలకి సైగ చేశాను. వాళ్ళు మళ్ళీ కదిలారు, ఈసారి మాటల్లేకుండా.

తర్వాతి రౌండులో, అవతలి గోల్‌పోస్టు దగ్గర, ఒక చెయ్యి లేచింది. సగం దాకా లేచి, తల గోక్కుంటున్నట్టు మళ్ళీ దిగబోయింది.

అది దిగేలోపే ఈల వేశాను.